బండి ఆపే ముందు డీజిల్‌కి మార్చు అమ్మడూ

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వు పాత టెంపో ట్రావెలర్ వ్యాన్ కొన్నావట, వెనక మంచం, పొయ్యి పెట్టించి, హోటళ్లలో వాడేసిన నూనె పోసుకుని లంబసింగి నుంచి లదాఖ్ దాకా తిరుగుతానన్నావట. అక్క గొంతు నిండా టెన్షనే. నాకూ రాత్రి నిద్ర పట్టలేదు, కానీ సగం సంతోషంతో. మన ఇంట్లో స్పానర్ పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వు.

బండి మాత్రం మంచిదే చూసుకున్నావు. ఆ పాత మోడల్లో ఉన్నది మెర్సిడెస్ లైసెన్సు మీద మన దేశంలోనే తయారైన ఓఎం 616 డీజిల్ ఇంజిన్, ప్రీచాంబర్ రకం, అంటే ఇంధనం ముందు ఒక చిన్న గదిలో అంటుకుని తర్వాత సిలిండర్‌లోకి వెళ్తుంది, అందుకే చిక్కటి నూనెని కూడా కొంత ఓర్చుకుంటుంది. చాలా ఎక్కువ ప్రెషర్‌తో ఇంధనం చిమ్మే కొత్తరకం కామన్ రైల్ బండి అయితే వద్దే వద్దని చెప్పేవాణ్ణి. 1900లో ప్యారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజిన్‌ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారని, ఇదేమీ పిచ్చి ఆలోచన కాదని అక్కకి కూడా చెప్పాను.

రెండు ట్యాంకులు పెట్టించు, ఒకటి డీజిల్‌కి, ఒకటి నూనెకి. నూనె ట్యాంకులో రేడియేటర్ వేడినీళ్లు తిరిగే కాయిల్ ఉండాలి, నూనె 70 డిగ్రీలు దాటాకే దాని మీదకి మారాలి. రాగి పైపులు వద్దు, రాగి తగిలితే నూనె త్వరగా బంక కడుతుంది. మామూలు రబ్బరు హోసులూ వద్దు, ఉబ్బిపోతాయి. తెచ్చిన నూనెని వారం పది రోజులు డ్రమ్ములో కదపకుండా ఉంచి పైది మాత్రమే తీసి వడకట్టు. కాలిన పెనం మీద రెండు చుక్కలు వేస్తే చిటపటమందంటే ఇంకా నీళ్లున్నాయన్నమాట, పంపు పాడైపోతుంది.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. మీ నాన్న సంగతి మాత్రం నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు.

డీజిల్‌కి బదులు గింజల నూనె వాడదాం, అడవి ఆముదం నాటండి, కానుగ నాటండి అని ప్రభుత్వమే ఊరూరా చెప్పిన రోజులవి. బావ విశాఖ, అరకు మధ్య టూరిస్టుల్ని తిప్పేవాడు. ఎవరి మాట విన్నాడో, ఉన్న ఒక్క ట్యాంకులోనే సగం డీజిల్, సగం బజ్జీల బండి దగ్గర కొన్న పామోలిన్ పోయడం మొదలుపెట్టాడు. ఎండాకాలమంతా బండి ఏ పేచీ లేకుండా నడిచింది, దాంతో ధీమా వచ్చేసింది. చలికాలం అరకులో పొద్దున్నే పామోలిన్ పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతే వేడినీళ్లు పోసి స్టార్ట్ చేసేవాడు. చల్లటి ఇంజిన్‌లో చిక్కటి నూనె తుంపరగా చిమ్మదు, ధారగా పడుతుంది. పూర్తిగా కాలదు. ఇంధనం చిమ్మే నాజిల్ కొనకి మసి గడ్డకడుతుంది, కాలని నూనె పిస్టన్ రింగుల పక్కనుంచి, అడుగున ఆయిల్ ఉండే సంపులోకి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డీజిల్ దిగితే కొంతైనా ఆవిరైపోతుంది, ఇది పోదు. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరుగుతూ వచ్చింది. అది చూసి మీ నాన్న, "ఇంజిన్ చుక్క ఆయిల్ తాగట్లేదురా, ఎంత బాగుందో చూడు" అని మురిసిపోయాడు. నాజిల్స్ తీసి టెస్ట్ బెంచి మీద చూద్దాం బావా అంటే, నడుస్తున్న బండిని ఎందుకు విప్పడం అన్నాడు.

అనంతగిరి ఘాట్ దిగుతుంటే ఇంజిన్ పట్టేసింది. చక్రాలు బిగుసుకుపోతే క్లచ్ తొక్కాడు, బండి జారడం మొదలైంది. ఇంజిన్ ఆగితే బ్రేకు పెడల్‌కి బలమిచ్చే వాక్యూమ్ ఉండదు కదా, రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా అయిపోయింది. బండిలో టూరిస్టులు, ముందు సీట్లో మీ అమ్మ, అమ్మ ఒళ్లో నువ్వు. కొండ వైపు గోడకి బండిని రాపాడించి, హ్యాండ్‌బ్రేక్ లాగి ఎలాగో ఆపాడు మహానుభావుడు. ఆ ఇంజిన్ విప్పింది నేనే. సంపు బోల్టు తీస్తే ఆయిల్ కారలేదు. స్క్రూడ్రైవర్ పెట్టి కెలికితే నల్లటి జెల్లీ ముద్దలు ముద్దలుగా ఊడింది, లోపల బేరింగులు క్రాంక్‌కి అతుక్కుపోయి ఉన్నాయి.

అందుకే చెప్తున్నా, విను. బండి ఆపడానికి రెండు మూడు కిలోమీటర్ల ముందే డీజిల్‌కి మారిపో, టీ కోసం ఆగినా సరే. అప్పుడే లైన్లలో, నాజిల్స్‌లో నూనె మిగలదు, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు డీజిల్‌తోనే అందుకుంటుంది. ఇంజిన్ ఆయిల్ మామూలుగా మార్చే దూరంలో సగానికే మార్చు. లెవెల్ పెరిగిందంటే అక్కడే ఆపి నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా ఫరవాలేదు. ఘాట్ రోడ్డు మొత్తం డీజిల్ మీదే, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. నూనెతో మిగిలే డబ్బులు అక్కడ లెక్కపెట్టకు.

ఇంకోటి, నూనె తుడిచిన గుడ్డలు బండిలో కుప్పగా పడెయ్యకు. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, నువ్వు పడుకునేది అందులోనే తల్లీ. నీళ్లలో తడిపి మూత ఉన్న ఇనప డబ్బాలో వెయ్యి.

కాగితాల సంగతి: బండి లోపల మార్చినా, ఇంధనం మార్చినా ఆర్టీఓ అనుమతి లేకుండా రోడ్డెక్కకు, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పు. నూనె పదే పదే కాగితే పెరిగే పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటిన నూనె వంటకి పనికిరాదని 2018 నుంచి రూలుంది, రోజుకి 50 లీటర్ల పైన వాడే హోటళ్లు లెక్క రాయాలి, వాడిన నూనెని అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. కాబట్టి దొంగచాటుగా డబ్బాలు మోసుకురాకు, నీకేం కావాలో అడిగి కాగితం మీదే తీసుకో.

ముందు నాలుగు నాజిల్స్ విప్పి ఆటోనగర్‌కి పట్టుకురా, బెంచి మీద ప్రెషర్ నేనే చూస్తాను. వస్తూ మీ నాన్నని కూడా తీసుకురా. నా మాట విననివాడు నీ మాట వింటాడు, పైగా నూనె వేడెక్కిందో లేదో పక్కన కూర్చుని చూడ్డానికి ఆయనకంటే జాగ్రత్తపరుడు ఇప్పుడు నీకు దొరకడు.

మీ మామయ్య