సందేహాలు – సమాధానాలు: విరాళమా, వ్యయమా?

సందేహం: అమెరికా సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ‘సిటిజన్స్ యునైటెడ్’ తీర్పును వివరిస్తూ ఒకరు ‘కార్పొరేషన్లు, కార్మిక సంఘాలు అభ్యర్థులకు ఎంతైనా ఖర్చు పెట్టవచ్చు’ అనీ, మరొకరు ‘ఎంతైనా విరాళం ఇవ్వవచ్చు’ అనీ రాశారు. ఈ రెండూ ఒకటేనా? ఏది సరైన ప్రయోగం?

సమాధానం: రెండూ ఒకటి కావు. రెండవ వాక్యంలో భాషాదోషం లేదు గాని విషయం తప్పు. మొదటి వాక్యంలో విషయం సరిగానే ఉన్నా, ‘కు’ అనే ప్రత్యయం దానిని సందిగ్ధం చేసింది.

విరాళం ఇచ్చాక ఆ సొమ్ముపై పెత్తనం పుచ్చుకున్నవారిది. వ్యయంలో ఆ పెత్తనం చివరిదాకా ఖర్చు పెట్టేవారిదే. ‘ఇచ్చు’ క్రియకు పుచ్చుకునే వ్యక్తి ఉండి తీరాలి కనుక అక్కడ ‘అభ్యర్థికి’ అనడం సహజం. ‘ఖర్చు పెట్టు’ క్రియకు అటువంటి వ్యక్తి అక్కరలేదు, ప్రయోజనం ఉంటే చాలు. సంప్రదాయ వ్యాకరణాలు ‘కొఱకు, కై’లను చతుర్థిలోను, ‘కి, కు’లను షష్ఠిలోను వేరువేరుగా చూపాయి. వాడుకలో ఆ గీత చెరిగిపోయి ‘వైద్యానికి ఖర్చు పెట్టారు’ అంటున్నాం, అందులో దోషం లేదు. కాని మనుషుల విషయంలో ‘అభ్యర్థికి ఖర్చు పెట్టారు’ అంటే సొమ్ము ఆయనకు ముట్టిందనే భావం పొడసూపుతుంది.

ఇక్కడ ఆ భావం రాకూడదు, ఎందుకంటే అమెరికాలో ఎన్నికల నిధుల చట్టం ప్రధానంగా ఈ భేదం మీదనే నడుస్తోంది. ఫెడరల్ అభ్యర్థులకు కార్పొరేషన్లు విరాళాలు ఇవ్వరాదని 1907 నాటి టిల్‌మన్ చట్టం నిషేధించింది. 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం కార్మిక సంఘాలనూ చేర్చి, విరాళాలతో పాటు వ్యయాన్ని కూడా నిషేధించింది. 1976లో ‘బక్లీ వర్సెస్ వాలియో’ తీర్పు విరాళాలపై పరిమితులను నిలిపి, అభ్యర్థితో నిమిత్తం లేకుండా ఇతరులు చేసే వ్యయంపై పరిమితులను కొట్టివేసింది. 2010లో 5–4 ఆధిక్యంతో వచ్చిన తీర్పు ఆ వ్యయస్వేచ్ఛను కార్పొరేషన్లకు విస్తరింపజేసింది, దాని తర్కమే సంఘాలకూ వర్తించింది. వారి ఖజానా నుంచి అభ్యర్థికి నేరుగా విరాళం ఇవ్వడంపై నిషేధం మాత్రం తొలగలేదు. ఒక్క విభక్తి మారితే నిషిద్ధమైన పని అనుమతించినదైపోతుందన్న మాట.

‘విరాళం’ పూర్తిగా పనికిరాదనీ అనుకోవద్దు. అదే ఏడాది ఒక ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం ఇచ్చిన మరో తీర్పుతో, అభ్యర్థులకు విరాళాలు ఇవ్వకుండా సొంతంగా ఖర్చు మాత్రమే చేసే రాజకీయ కమిటీలైన సూపర్ ప్యాక్‌లు వచ్చాయి. ‘సూపర్ ప్యాక్‌కు ఎంతైనా విరాళం ఇవ్వవచ్చు’ అన్నది నిర్దుష్టమైన వాక్యం.

ఇటువంటి ఖర్చును ‘స్వతంత్ర వ్యయం’ అనడం కనిపిస్తోంది గాని నాకు అది సమ్మతం కాదు. ఎన్నికల ప్రసక్తిలో ‘స్వతంత్ర’ అనగానే ఏ పార్టీకీ చెందని అభ్యర్థి స్ఫురిస్తాడు. కొంత పొడుగైనా ‘అభ్యర్థితో సంప్రదించకుండా చేసే ఖర్చు’ అంటేనే పాఠకుడికి తేటపడుతుంది.

‘కార్పొరేషన్లు’ అన్న మాటను ‘వ్యాపార సంస్థలు’ అని మార్చవద్దు. ఆ వ్యాజ్యం వేసిన సిటిజన్స్ యునైటెడ్ లాభాపేక్ష లేని సంస్థ. అటువంటివీ ఆ మాటలో ఇమిడి ఉన్నాయి. కనుక ‘కార్పొరేషన్లు, కార్మిక సంఘాలు అభ్యర్థితో సంప్రదించకుండా ఆయన గెలుపు కోసం గాని, ఓటమి కోసం గాని ఎంతైనా ఖర్చు పెట్టవచ్చు’ అని రాయడం ఉచితం.