మహారాష్ట్రలో చంద్రాపూర్, బల్లార్షా వైపు కొత్త ఇళ్ళకు బూడిద రంగు ఇటుకలే ఎందుకు?

ఎర్ర ఇటుక దొరక్క కాదు. చంద్రాపూర్ థర్మల్ ప్లాంటు 2920 మెగావాట్లది, అంత బొగ్గు కాలిస్తే వచ్చే బూడిదని ఎక్కడో ఓ చోట వాడాలి కదా, అందుకే 1999లోనే కేంద్రం రూల్ పెట్టి ప్లాంటు చుట్టుపక్కల కట్టడాల్లో వాడమంది, మొదట 50 కిలోమీటర్లే, 2016లో 300 దాకా పెంచారు. ఈ ఇటుకలకి ఫ్లైయాష్‌లో (ఆ బొగ్గు బూడిదే) సిమెంటో సున్నమో, క్రషర్ డస్టో (రాళ్ళు కొట్టగా వచ్చే పొడి) కలిపి మిషన్లో నొక్కుతారు, బట్టీలో కాల్చేది ఉండదు, నీళ్ళు కొట్టి గట్టిపడనిస్తారు (క్యూరింగ్) అంతే. అంచులు తిన్నగా వస్తాయి కాబట్టి ప్లాస్టరింగ్ పలచగా సరిపోతుంది, మన తెలుగు మేస్త్రీలకు నచ్చేది అదే. చంద్రాపూర్ జట్‌పురా గేటు దగ్గర గోండు రాజుల రాతి కోటగోడ చూసి వీటిని చూస్తే మాత్రం కొంచెం ఎబ్బెట్టే (నాకైతే). కొనేముందు మూలని గోటితో గీకండి, పొడి రాలితే క్యూరింగ్ సరిగ్గా కాలేదన్నట్టే, ఆ లోడు వెనక్కి పంపేయండి.