బరంపురమా, కొరాపుట్టా?

నమస్కారమండీ. పదవీ విరమణ తర్వాత ఒడిశాలో, సముద్రం దగ్గరని బరంపురంలో ఉండాలా, చల్లగా ఉంటుందని కొరాపుట్‌లోనా అని అడిగారు. మీకు ఉక్కపోత పడదు, మీ ఆవిడకు చలికి మోకాళ్లు పట్టేస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

నా మనసు మాత్రం కొండలదే. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మే నెలలోనూ రాత్రుళ్లు హాయిగా నిద్ర పడుతుంది. అయితే వానాకాలం సంగతి ముందే తెలుసుకోండి. ఆగస్టులో మా ఇంట్లో తోలు చెప్పులకు బూజు పడుతుంది. మనవడి చొక్కాలను కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి ఆరబెడతాం. డిసెంబరులో పొద్దెక్కేదాకా మంచు విడవదు, మోకాళ్లకు అది కష్టమే.

బరంపురంలో చలి బాధ లేదు కానీ ఉక్క తప్పదు, తుఫానుల భయమూ ఉంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను ఆ పక్కనే ఉన్న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది.

అందుకే మీ ఇద్దరికీ జయపురం నయమనిపిస్తోంది. కొరాపుట్ నుంచి ఘాట్ రోడ్డు దిగితే వచ్చే ఊరు, అక్కడికంటే వెచ్చన, బరంపురమంత ఉక్క ఉండదు. ఇల్లు మాత్రం ఇప్పుడే కొనకండి. జూలై నుంచి జనవరి దాకా అద్దెకు ఉండి చూడండి. తూర్పు కిటికీ ఉన్న ఇల్లు వెతకండి, పొద్దుటి ఎండ ఆవిడ కాళ్ల మీద పడాలి.