పాత ఫ్యాక్టరీ స్థలమా? ముందు అప్లికేషన్, తర్వాతే క్లోజింగ్

"టెక్సాస్‌లో పాత ఫ్యాక్టరీ స్థలం చవగ్గా వస్తోంది, కొనేసి వాలంటరీ క్లీనప్ ప్రోగ్రాంలో పెడితే సరిపోతుందా" అని అడిగారు కదా. అంటే కలుషితమైన స్థలాన్ని మనంతట మనమే శుభ్రం చేసి స్టేట్ దగ్గర సర్టిఫికెట్ తీసుకునే పథకం. ఆ "కొనేసి" దగ్గరే నాకు గుండె ఝల్లుమందండి, ఎందుకంటే మేం చేసింది అచ్చం అదే.

ఇక్కడి మనవాళ్ల సంగతి తెలిసిందేగా. వాట్సాప్‌లో ఒక గ్రూపు, పదకొండు మంది, ఒక ఎల్ఎల్‌సీ కంపెనీ, డాలస్ చుట్టుపక్కల ఎకరం ఖాళీగా కనిపిస్తే చాలు అడ్వాన్స్ ఇచ్చేయడమే. మా గ్రూపు నడిపే అన్నకి పాత మెషిన్ షాపు స్థలం దొరికింది, పక్కవాళ్ల రేటులో సగానికి. సగానికి ఎందుకిస్తున్నాడ్రా బాబూ అని ఒక్కడూ అడగలేదు, నాతో సహా. ఫేజ్ వన్ రిపోర్టు, అంటే ఆ స్థలంలో ఇదివరకు ఏం జరిగిందో, కాలుష్యం అనుమానం ఉందో లేదో ఆరా తీసే రిపోర్టు, తీయిద్దామా అని నేనొకసారి నసిగితే "అది లోన్‌కి వెళ్లేవాళ్లకి తమ్ముడూ, మనది క్యాష్" అన్నాడు. ఆ మెసేజ్‌కి తొమ్మిది థంబ్స్ అప్‌లు, అందులో ఒకటి నాదే.

తర్వాత బిల్డింగ్ కట్టడానికి లోన్‌కి వెళ్లక తప్పలేదు, బ్యాంకు ఫేజ్ వన్ అడిగింది, అందులో అక్కడ ఏళ్ల తరబడి లోహపు విడిభాగాల జిడ్డు సాల్వెంట్‌తో కడిగేవాళ్లని తేలింది, దాంతో ఫేజ్ టూ, అంటే నేల తవ్వి మట్టి, నీళ్లు పరీక్షించే డ్రిల్లింగ్. ఆ రోజు సెలవు పెట్టి మరీ వెళ్లా. చిన్న రిగ్ ఒకటి ప్లాస్టిక్ గొట్టాన్ని నేలలోకి గుద్ది పైకి లాగుతుంది, కన్సల్టెంట్ అమ్మాయి దాన్ని నిలువునా చీల్చి పరుస్తుంది. అచ్చు మన నల్లరేగడే, ఎండితే నెర్రెలిచ్చే రకం. ప్రతి అడుగుకీ కాస్త మట్టి జిప్ బ్యాగులో వేసి, కాసేపు ఉంచి, రసాయనాల ఆవిరి కొలిచే మీటర్ ముక్కు లోపలికి గుచ్చి చూస్తోంది. సున్నా, సున్నా, రెండు. నాకు ధైర్యం వచ్చేసింది, గ్రూపులో "ఆల్ గుడ్" అని పెట్టేశా కూడా. విడిభాగాలు కడిగిన పాత తొట్టి ఉన్న మూల దగ్గర, 11 అడుగుల లోతులో, మీటర్ వందలు దాటి కీచుమని అరిచింది. తియ్యటి వాసన ఒకటి. "కొంచెం వెనక్కి జరగండి సర్" అంది ఆ అమ్మాయి, అంతే.

అది టీసీఈ, అంటే ట్రైక్లోరోఇథిలీన్ అనే ఆ సాల్వెంటే. నీళ్లకంటే బరువు, అందుకే నూనెలా పైన తేలదు, భూగర్భ జలంలోకి దిగిపోతూనే ఉంటుంది. తాగేనీళ్లలో ఫెడరల్ పరిమితి 5 పీపీబీ, అంటే వంద కోట్ల వంతుల్లో 5 వంతులు. మా స్థలంలో పరీక్షకి వేసిన బావుల్లో ఎంతుందో ఇక్కడ రాయను, ఇంట్లోవాళ్లు చదువుతారు.

ఇప్పుడు అసలు సంగతి. టెక్సాస్ ప్రోగ్రాం 1995లో వచ్చింది, అప్లికేషన్ ఫీజు 1,000 డాలర్లు, అది అయిపోయాక వాళ్లు మన ఫైలు చూసిన గంటలకి విడిగా బిల్లు. శుభ్రం చేశాక సర్టిఫికెట్ ఆఫ్ కంప్లీషన్ ఇస్తారు. కానీ ఆ కాలుష్యం కోసం స్టేట్ మన మీదికి రాకుండా రక్షణ ఎవరికి? అప్లై చేసిన రోజుకి ఆ కాలుష్యానికి బాధ్యత లేనివాళ్లకి, సర్టిఫికెట్ వచ్చాక కొనేవాళ్లకి, వాళ్ల బ్యాంకులకి. స్థలం ఓనర్ అయ్యాడంటే చాలు, మామూలుగా బాధ్యుల లెక్కలోకే వస్తాడు. మేం అప్పటికే ఓనర్లం! అంటే వంట మాది, భోజనం తర్వాత కొనేవాడిది. అదే క్లోజింగ్‌కి, అంటే స్థలం చేతికి మారే రోజుకి, ముందు మా పేరు మీద అప్లికేషన్ పడుంటే కథ వేరు. ఫెడరల్ వైపూ అంతే, 1980 సూపర్‌ఫండ్ చట్టం (కలుషిత స్థలాల శుభ్రత చట్టం) ఓనర్‌ని పట్టుకుంటుంది, 2002లో కొనుగోలుదారుకి రక్షణ ఇచ్చారు గానీ విచారణంతా కొనకముందే అయిపోవాలి, ఫేజ్ వన్‌లో ముఖ్యమైన భాగాలు కొనే తేదీకి 180 రోజుల్లోపువే అయ్యుండాలి.

అసలు దీనికి "వాలంటరీ" అని పేరు పెట్టినవాడెవడో గానీ, మనసారా వచ్చి చేరినవాడిని నేనొక్కడిని కూడా చూళ్లేదు, అందర్నీ బ్యాంకే తోసుకొస్తుంది.

అలాగని ప్రోగ్రాంని తిట్టను. మావెరిక్స్ ఆడే అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ 2001లో తెరిచారు, ఆ విక్టరీ పార్క్ ప్రాంతమంతా ఒకప్పుడు పవర్ ప్లాంటు, రైల్వే యార్డు ఉన్న నేల, ఈ దారిలోనే శుభ్రమైంది. మాదీ చివరికి తేలింది: ఆ మూల మట్టి తవ్వి పంపేశాం, స్లాబ్ కింద ఆవిరి పైకి రాకుండా షీటూ గొట్టాలూ వేశాం, కమర్షియల్‌కి తప్ప వాడకూడదని డీడ్‌లో రాసిచ్చాం. కింద నీళ్లు ఎవరూ తాగకుండా సిటీ ఆర్డినెన్స్ పాస్ చేసింది, 2003 నుంచి ఆ వెసులుబాటు ఉంది, కాబట్టి ఆ నీటిని తాగేనీటి స్థాయికి కడగక్కర్లేదు. ఇది మోసం అనేవాళ్లున్నారు. టౌన్ మధ్యలో ఆ బావినీళ్లు ఎవడు తాగుతాడండి?

మీరైతే కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్, అంటే నచ్చకపోతే డీల్ వదిలేసే గడువు, బాగా పొడుగ్గా రాయించుకోండి, ఆలోపు ఫేజ్ వన్, ఫేజ్ టూ, మీ పేరు మీద అప్లికేషన్, మూడూ అయిపోవాలి. డ్రిల్లింగ్‌కి అమ్మేవాడు ఒప్పుకోనన్నాడా, కింద ఏముందో వాడికి తెలుసన్నమాట, లేచి వచ్చేయండి.