ఓడిపోగల వాక్యం రాయి

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పరిశోధన ప్రణాళిక చదివాను. శ్రమ కనిపిస్తోంది. కానీ పరికల్పన దగ్గరే, అంటే నువ్వు పరీక్షించబోయే ఊహ దగ్గరే ఆగిపోయాను. ‘ఫోను వాడకం విద్యార్థుల చదువుపై ప్రభావం చూపుతుంది’ అన్నావు. చదువంటే మార్కులా, హాజరా, ఏకాగ్రతా? ఏదీ చెప్పలేదు కాబట్టి ఎక్కడో ఒకచోట ఏదో ఒక మార్పు దొరక్కపోదు, నీ వాక్యం గెలవకపోదు. ఏ ఫలితం వస్తే పొరబడ్డానని ఒప్పుకుంటావో ముందే రాసిపెట్టు. రాయలేకపోతే నీ దగ్గరున్నది అభిప్రాయమే.

చరాల, అంటే మారే అంశాల నిర్వచనాలు నీకు తెలిసినవే. కారణమని నువ్వు అనుమానించేది స్వతంత్ర చరం, దాన్ని బట్టి మారేది పరతంత్ర చరం. అయితే చరమన్నాక మారాలి. నువ్వు ఎంచుకున్న వారంతా రోజుకు ఇంచుమించు ఒకే సమయం ఫోను చూస్తుంటే, ఇక దేనితో దేన్ని పోలుస్తావు? ఎన్ని గంటలు చూస్తారని వాళ్లనే అడిగితే ఒక అంకె చెబుతారు, ఫోనులో నమోదైనది ఇంకో అంకె చూపిస్తుంది. ఏది కొలుస్తున్నావో తేల్చుకో.

అసలు చిక్కు మనం జాబితాలో రాయని చరాలతోనే. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం గిట్టతో నేలను తట్టి లెక్కలకు జవాబులు చెప్పేది. 1904లో నిపుణుల సంఘం పరిశీలించి ఇందులో మోసం లేదంది. మోసం నిజంగానే లేదు. తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు ఒక్క విషయం మార్చి చూశాడు: జవాబు తెలియని మనిషి చేత ప్రశ్న అడిగించాడు. గుర్రం తడబడింది. సరైన అంకె రాగానే అడిగేవాడి తల తెలియకుండానే కాస్త కదిలేది, గుర్రం దాన్ని చూసి ఆగేది. అడిగేవాడికి జవాబు తెలుసా లేదా అన్నది కూడా ఒక చరమని అంతవరకు ఎవరికీ తట్టలేదు.

నవ్వకు, నేనూ ఇలాగే దెబ్బతిన్నాను. కొత్త బోధన పద్ధతిని ఉదయం తరగతిలో, పాతదాన్ని సాయంత్రం తరగతిలో పరీక్షించాను. ఉదయం వాళ్లకు మార్కులు ఎక్కువొచ్చాయి. సంబరంగా వ్యాసం రాశాక గుర్తొచ్చింది, రెండు తరగతుల ఉపాధ్యాయులు వేరు. ఆ తేడా పద్ధతిదా, మనిషిదా, వేళదా? ఈనాటికీ చెప్పలేను.

శూన్య పరికల్పన గురించి కొంచెం. ‘తేడా లేదు’ అని మొదలుపెట్టడం లాంఛనమని విసుక్కున్నావు. టీలో పాలు ముందు పోశారో తర్వాత పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒక మహిళ కథను గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1935లో వివరించాడు. కప్పులు ఎనిమిది, నాలుగింటిలో పాలు ముందు. ఊరికే ఊహిస్తే అన్నీ సరిపోయే అవకాశం డెబ్బైలో ఒకటి. ముందు పోసిన నాలుగింటిలో కనీసం మూడు సరిగ్గా చెబితే చాలంటే, ఆ అవకాశం డెబ్బైలో పదిహేడుకు, అంటే దాదాపు నాలుగో వంతుకు పెరిగిపోతుంది! ‘ఏమీ లేదు’ అనుకుని లెక్క వేస్తేనే ఈ అంకెలు దొరుకుతాయి. ఇంకో మాట, శూన్య పరికల్పనను తోసిపుచ్చలేకపోయినంత మాత్రాన అది రుజువైనట్టు కాదు. నీ నమూనా, అంటే నువ్వు పరిశీలించడానికి ఎంచుకున్నవారి గుంపు, చిన్నదై ఉండవచ్చు.

సమాచారం చేతికొచ్చాక పరికల్పనను దానికి తగ్గట్టు దిద్దే ఆలోచన పెట్టుకోకు. అందుకే ప్రశ్నావళి పంచకముందే ఆ ఒక్క వాక్యాన్ని తిరగరాసి, కింద తేదీ వేసి నాకు పంపు. మిగతా అధ్యాయాలు ఆ తర్వాత చూస్తాను.