గ్రూపు ప్రాజెక్టులో ఇద్దరే పని చేస్తుంటే

టీచర్ గారూ, మీ నాలుగో తరగతిలో ప్రాజెక్టు ఇస్తే ఇద్దరే అంతా చేసేస్తున్నారని, లీడర్ ఎప్పుడూ ఆ ఒక్క అమ్మాయేనని రాశారు. చార్టు, థర్మోకోల్ మోడల్ లాంటి వాటికి ఇద్దరు చాలు మరి (చాలాసార్లు అమ్మానాన్నలే చేస్తారు లెండి!). అందరి చేతులూ పడితే తప్ప తెమలని పని ఇవ్వండి.

అహ్మదాబాద్ రివర్‌సైడ్ స్కూల్ స్థాపకురాలు కిరణ్ బీర్ సేథీ 2009లో మొదలుపెట్టిన డిజైన్ ఫర్ ఛేంజ్ అనే, పిల్లలే తమ చుట్టూ ఉన్న సమస్యలు తీర్చే కార్యక్రమంలో నాలుగు మెట్లుంటాయి: సమస్యను మనసుకు పట్టించుకోవడం, ఊహించడం, చేయడం, పంచుకోవడం. అలా మధ్యాహ్న భోజనంలో పారేస్తున్న అన్నాన్ని తీసుకోండి. ఒకరు తూకం వేయాలి, ఒకరు రాయాలి, ఇంకొకరు వంట ఆయమ్మను అడగాలి. వారంవారం పనులు మార్చండి. లీడర్‌కి ఒక్కటే పని, మాట్లాడని వాళ్లను ముందు అడగడం. ఆ అమ్మాయికి మొదట తూకం అప్పగించండి. కాస్త అలుగుతుంది, పర్వాలేదు.