ముందు ఆ చాట్ డిలీట్ చేయకండి

గేమ్ చాట్‌లో పరిచయమైన 'పద్నాలుగేళ్ల అబ్బాయి' మీ పాప దగ్గర ఫోటో తీసుకుని, ఇంకోటి పంపకపోతే అందరికీ పంపిస్తానని బెదిరిస్తున్నాడన్నారు. మీవారేమో అంతా డిలీట్ చేసి ఫోన్ లాక్కుందామంటున్నారు. వద్దండీ. డిలీట్ చేస్తే సాక్ష్యం పోతుంది. ఫోన్ లాక్కుంటే పాప రేపు ఇంకేదైనా జరిగినా మీకు చెప్పదు. వాడి ధైర్యమంతా "ఇంట్లో తెలిస్తే చంపేస్తారు" అన్న ఆ భయమే.

వాడి ప్రొఫైల్ లింకు, యూజర్ ఐడీ, తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ తర్వాతే రిపోర్ట్, బ్లాక్. డబ్బడిగినా, ఇంకో ఫోటో అడిగినా ఇవ్వొద్దు, ఇస్తే అడుగుతూనే ఉంటాడు.

పాప ఫోటో మాత్రం సాక్ష్యమని చెప్పి బంధువులకు వాట్సాప్‌లో పంపకండి. పిల్లల అశ్లీల ఫోటోలు ఎవరు పంచినా ఐటీ చట్టం 67బీ కింద నేరమే.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, కేంద్రం నడిపే సైబర్‌క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం పాప పేరు బయటికి రానివ్వకూడదు, పరువు గురించి బెంగ వద్దు. పిల్లల అలాంటి ఫోటోలు ఆన్‌లైన్‌లో తీసేయించడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ కూడా ఉంది. ఫోటో మీ ఫోన్ దాటదు, దాన్ని గుర్తుపట్టే కోడ్, అంటే డిజిటల్ ముద్ర మాత్రమే వెళ్తుంది.

ఈ రాత్రికి పాపను మీ పక్కనే పడుకోబెట్టుకోండి.